ఖమర్‌బీ వేపిన గింజలు

పులివెందుల నుంచి వచ్చే మొదటి బస్సు పదింటికి ప్రొద్దుటూరు చేరేది. దిగేవాళ్లలో ఎక్కువమంది రైతులు. పత్తి, వేరుశనక్కాయల ధర కనుక్కోవడానికో, పెళ్లికి బంగారం తీసుకోవడానికో వచ్చేవాళ్లు. తెల్లవారకముందే ఇల్లు వదిలి ఉంటారు గనుక కడుపులో ఏమీ ఉండేది కాదు. ఆ వేళకు టిఫిన్ హోటళ్లలో ఇడ్లీ పాత్రలు కడుగుతూ ఉండేవాళ్లు. భోజనం హోటళ్లలో ఇంకా ఎసరు కూడా పెట్టి ఉండరు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఈ సంగతి కనిపెట్టినవాడు నరహరిరావు.

రావుది జమ్మలమడుగు. ఇంట్లో కన్నడం, బయట తెలుగు మాట్లాడే మాధ్వుల కుటుంబం. ప్రొద్దుటూరులో బస్సులు ఆగే చోటికి దగ్గర్లో ఒక పాత మిద్దె బాడుగకు తీసుకుని హోటల్ పెట్టాడు. పొద్దున ఇడ్లీ అందరిలాగే పెట్టేవాడు. కానీ తొమ్మిదిన్నరకు పొయ్యి ఆర్పకుండా రెండో విడత మొదలుపెట్టేవాడు. బొరుగుల ఉగ్గాని, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు, ఎర్రకారం పూసి పప్పుల పొడి చల్లిన దోసె, ఆఖర్న కాఫీ. రావు ఉల్లిపాయ తినడు. మొదట్లో ఎర్రకారంలో కూడా ఉల్లిపాయ వేయనివ్వలేదు. రైతులు సగం దోసె వదిలేసి ఆకు మడిచేయడం చూసి, నెల తిరక్కుండానే ఉల్లిపాయలు మూటలతో తెప్పించాడు. ఆ తిండి పొద్దుటి టిఫినూ కాదు, మధ్యాహ్నం భోజనమూ కాదు. పులివెందుల వాళ్లు దాన్ని ‘రావు పదిగంటల కూడు’ అనేవాళ్లు.

నేనప్పుడు ఆ ఊరి హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. ఆదివారాలు అక్కడే తినేవాణ్ణి. ఉగ్గాని మొదటి నుంచీ బాగుండేది. కాఫీ మాత్రం 1955 ఎండాకాలం దాకా మామూలు కాఫీయే. కొంచెం పొగ వాసన, కొంచెం చేదు, బెల్లం పాకంలాంటి రంగు. ఆ తర్వాత అది మారింది. బస్సు దిగినవాళ్లు తిండి సంగతి తర్వాత చూద్దామని ముందు కాఫీ అడిగే రోజులు వచ్చాయి. ఆ మార్పుకు కారణమైన మనిషి ఆ హోటల్ గడప ఎన్నడూ తొక్కలేదు. ఆమె పేరు ఖమర్‌బీ.

ఖమర్‌బీ తండ్రి పీర్ సాహెబ్ జమ్మలమడుగులో ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడు. వీధి మూలన చిన్న గుంత తవ్వి, బొగ్గులు రాజేసి, తోలుతిత్తి ఊదడానికి కూతుర్ని కూర్చోబెట్టేవాడు. గిన్నె కాగినాక నవాసాగరం పొడి చల్లితే తెల్లటి పొగ లేస్తుంది. అప్పుడే తగరం రాసి, దూది ఉండతో గిన్నె లోపలంతా తుడవాలి. ముందైతే తగరం అంటుకోదు. ఆలస్యమైతే నల్లబడుతుంది. తిత్తి ఊదే మనిషి గిన్నె మీంచి చూపు తిప్పకూడదు. ఏడేళ్ల వయసు నుంచి పదిహేనేళ్ల దాకా ఖమర్‌బీ చేసిన పని అదే. బడికి పోలేదు.

పదహారో ఏట అబ్దుల్ సలాంతో నికా అయి ప్రొద్దుటూరు వచ్చింది. సలాం సాత్వికుడు. ఎవరితోనూ గట్టిగా మాట్లాడేవాడు కాదు. చొక్కా మాసిపోతే సహించేవాడు కాదు. రావు హోటల్ గిన్నెలకు కళాయి వేసేది పీర్ సాహెబే గనుక, ఆ పరిచయంతో అల్లుడికి హోటల్లో పని దొరికింది. బెంగుళూరు నుంచి పచ్చి కాఫీ గింజలు రైల్లో ఎర్రగుంట్లకు, అక్కణ్ణించి బస్సు మీద ప్రొద్దుటూరుకు వచ్చేవి. హోటల్ వెనక దొడ్లో, కట్టెల పొయ్యి మీద, చేత్తో తిప్పే ఇనుప పీపాలో వాటిని వేపడం సలాం పని. దొడ్డి వాకిలి నుంచి వచ్చేవాడు, దొడ్డి వాకిలి నుంచే పోయేవాడు. అప్పటి పద్ధతి అది. ఆ పద్ధతి గురించి రావూ మాట్లాడలేదు, సలామూ మాట్లాడలేదు.

ఆరేళ్లు పొగ పీల్చాక సలాంకు ఉబ్బసం పట్టుకుంది. ఆ ఎండాకాలం పీపా ముందు పావుగంట కూర్చోలేకపోయాడు. ఆ సంగతి చెబితే పని పోతుందని భయపడి రావుకు వేరే మాట చెప్పాడు.

“దొడ్లో పొగ బయటికి పోయే దావ ల్యాదు సామీ. కొట్లో బియ్యానికి గూడా వాసన పడ్తాంది. మా ఇంటికాడ ఖాళీ జాగా ఉండాది. ఆడ వేపి తెస్తా.”

“యాడన్నా వేపు. గింజ మాత్రం మాడగూడదు,” అన్నాడు రావు.

ఇంటి దగ్గర సలాం రెండు రోజులు తంటాలు పడ్డాడు. మూడో రోజు మంచం మీంచి లేవలేదు. మర్నాటికి హోటల్లో పొడి లేదు. ఖమర్‌బీ బస్తా మూతి విప్పి, పీపా పక్కన పెట్టి, ఇంట్లో ఉన్న పెద్ద ఇనుప బాండలి పొయ్యి మీదకు ఎక్కించింది. మొదటి వాయి మాడిపోయింది. మంచం మీద సలాం గుండె పట్టుకుని లేచి కూర్చున్నాడు.

“ఇంగ రావుకు ఏమని జెప్పాల?”

“ఏమీ జెప్పొద్దు. ఇంగో వాయి వేస్తా,” అంది ఆమె.

కట్టెలు తీసేసి తుమ్మబొగ్గులు వేసింది. తండ్రి దగ్గర ఆమెకు అలవాటైన నిప్పు అదే. పొగ ఉండదు, సెగ సమంగా ఉంటుంది. పొయ్యి ముందు కూర్చుని గింజల్ని చూస్తూ కలిపింది. పచ్చటి గింజ పసుపుపచ్చగా మారి, తర్వాత గోధుమరంగుకు తిరిగి, చిటపటమని పేలడం మొదలుపెట్టింది. ఆ పేలడం ఆగగానే, రంగు ఇంకా చాలదని అనిపిస్తున్నా బాండలి దించేసింది. దించినాక కూడా లోపలి వేడికి గింజ ఉడుకుతూనే ఉంటుందని ఆమెకు తెలుసు. అందుకే వెంటనే ఇంకో నులకమంచం మీద గుడ్డ పరిచి గింజలు పలచగా పోసి చేటతో విసిరింది. ఈ పని ఎవరూ నేర్పలేదని, గిన్నెకు కళాయి పట్టే వేళ ఎట్లా తెలిసేదో ఇదీ అట్లానే తెలిసిందని చాలా ఏళ్ల తర్వాత నాతో చెప్పింది.

మర్నాడు సలాం ఆ గింజలు డబ్బాలో పోసుకుని హోటల్‌కు తీసుకెళ్లాడు. పదకొండింటికి రావు దొడ్లోకి వచ్చాడు.

“ఏం జేసినావప్పా ఈ గింజల్ని?”

సలాం చేతిలో డబ్బా కింద పెట్టాడు.

“శానా బాగుండాదిరా కాఫీ. రోజూ ఇట్లనే వేపు.”

సలాం తల ఊపాడు. ఆ తల ఊపడమే తర్వాతి రెండేళ్ల జీవితానికి దారి వేసింది. ప్రతిరోజూ మధ్యాహ్నం ఖమర్‌బీ వేపేది, పొద్దున సలాం డబ్బా పట్టుకుపోయేవాడు. వీధిలో వాళ్లకు వాసన తెలుసు గానీ, ఇంటి వెనక గోడ ఎత్తుగా ఉండటం వల్ల ఎవరు వేపుతున్నదీ కనిపించేది కాదు.

ఒకరోజు ఆమె తాను వేపిన గింజ కాఫీ అయ్యాక ఎట్లా ఉంటుందో చూడాలని అడిగింది. ఇంట్లో వాళ్లు తాగేది టీ. సలాం చిన్న కూజాలో కాఫీ తెచ్చాడు. ఇల్లు చేరేసరికి చల్లారింది. ఖమర్‌బీ రెండు గుక్కలు తాగి, అడుగున మిగిలిన మడ్డి వేలితో తీసి చూసింది.

“పొడి మరీ మెత్తగా పడుతున్నారు. చేదు దిగుతాంది. కొంచెం బరకగా పట్టమని జెప్పు.”

సలాం ఆ మాట తన మాటగా రావుకు చెప్పాడు. రావు మర పళ్లు వదులు చేయించాడు. కాఫీ ఇంకా బాగైంది. ఆ వారంలోనే శేషారెడ్డి అనే రైతు వేపే మనిషిని చూడాలని దొడ్లోకి వచ్చాడు. శేషారెడ్డిది పులివెందుల పక్క పల్లె. అరవై ఎకరాల చేను, ఎంతమందిలో ఉన్నా వినిపించే గొంతు. వారానికోసారి ప్రొద్దుటూరు రావడానికి ఏదో ఒక పని కల్పించుకునేవాడు.

“నువ్వేనా ఈ గింజలు వేపేది? ఏదప్పా, నీ చెయ్యి సూడనీ,” అని సలాం చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. “మా వూర్లో పెండ్లిండ్లకు నిన్నే పిలిపిస్తా.”

సలాం నవ్వాడు. కాదని చెప్పలేదు. ఆ సంగతి పక్కింటివాళ్ల ద్వారా ఖమర్‌బీకి తెలిసింది. ఆ రోజు అన్నం పెడుతూ అడిగింది.

“ఉన్నమాట జెప్పింటే ఏమయ్యేది?”

“పని పొయ్యేది.”

“ఎవరి పని?”

సలాం తింటూనే ఉన్నాడు. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

1957లో బస్సులు ఆగే చోటికి సరిగ్గా ఎదురుగా ఒక శెట్టి కొత్త హోటల్ కట్టించాడు. పాలరాతి బల్లలు, గోడలకు నిలువుటద్దాలు, కరెంటు పంకాలు. అన్నీ ఉన్నా పక్కన రావు హోటల్ ఉన్నంతకాలం తన కాఫీ ఎవరూ తాగరని శెట్టికి తెలుసు. సలాంను పిలిపించి రావు ఇచ్చే జీతానికి రెండింతలు ఇస్తానన్నాడు. తలుపుల మీద సలాం పేరు కూడా రాయిస్తానన్నాడో లేదో గానీ, ఊళ్లో అట్లా చెప్పుకున్నారు. సలాం ఒప్పుకున్నాడు. ఇంట్లో వేపి తెస్తే సరిపోతుందని అనుకున్నాడు. ఒప్పుకున్నాక శెట్టి అసలు సంగతి చెప్పాడు. హోటల్ వాకిట్లోనే వేపాలి. బస్సు దిగినవాళ్లకు వాసన తగలాలి, వేపే మనిషి కనపడాలి.

ఆ సాయంత్రం సలాం ఇంటికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. సంగతి విని ఖమర్‌బీ, “పోవద్దు. శెట్టికి జెప్పు,” అంది.

“ఏమని జెప్పేది? నా పెండ్లాం వేపుతాంది, నాకు చాతకాదని జెప్పాల్నా?”

“ఊ.”

“రెండేండ్లు అందురూ నా చెయ్యి సూసి మెచ్చుకున్నారు. ఇప్పుడు వాళ్ల మొగం ఎట్ల సూడాల?”

“పొయ్యి ముందర కూచుంటే నీకు ఊపిరాడదు. అది సూసుకో ముందు.”

అతను వినలేదు. అట్లాగని మొండివాడూ కాదు. వెళ్లాలన్నా, మానాలన్నా సమానంగా భయపడ్డాడు. చివరికి వెళ్లడమే తేలికనిపించింది. రావుకు మాత్రం ఆ వారం ఆఖరు దాకా గింజలు ఇస్తానని చెప్పాడు.

కొత్త హోటల్ తెరిచిన రోజు పొద్దున వాకిట్లో షామియానా వేశారు. సలాం ఇస్త్రీ చొక్కా వేసుకుని పీపా తిప్పడం మొదలుపెట్టాడు. కట్టెలు సరిగా ఆరలేదు. పొగ షామియానా కింద నిలిచిపోయింది. పులివెందుల బస్సు దిగినవాళ్లు, వాళ్లతో శేషారెడ్డి, చుట్టూ నిలబడ్డారు. మొదటి వాయి సగం మాడి, సగం పచ్చిగా దిగింది. శెట్టి రెండో వాయి వేయమన్నాడు. సలాం చేతి పిడి పట్టుకుని నాలుగు చుట్లు తిప్పాడు. ఐదో చుట్టుకు మెట్ల మీద మోకాళ్ల మీద పడిపోయాడు. దగ్గు తెరలు తెరలుగా వచ్చి మాట ఆగిపోయింది.

శేషారెడ్డి, మరో ఇద్దరు రైతులు అతన్ని ఒంటెద్దు బండి మీద పడుకోబెట్టి ఇంటికి తెచ్చారు. తలుపు తీసే ఉంది. నేరుగా పెరట్లోకి తీసుకొచ్చారు. అక్కడ ఖమర్‌బీ బొగ్గుల పొయ్యి ముందు కూర్చుని, బాండలిలో గింజలు కలుపుతోంది. రావుకు ఇవ్వాల్సిన వాయి అది. గింజలు పేలుతున్నాయి.

ఆమె తలెత్తి భర్తను చూసింది. ముఖం వైపు, ఛాతీ వైపు చూసింది. తర్వాత మళ్లీ బాండలి వైపు చూసి, ఇంకో నాలుగుసార్లు కలిపి, దించి, మంచం మీద గుడ్డలో పోసి పరిచింది. అప్పుడు లేచి వచ్చి సలాంను గోడకు ఆనించి కూర్చోబెట్టి, వీపు రాసి, వేడినీళ్లు తాగించింది. 

శేషారెడ్డి గింజల్నీ ఆమెనూ మార్చి మార్చి చూస్తూ నిలబడ్డాడు.

“అమ్మా, నువ్వేనా వేపేది?”

“నేనే.”

“మొదట్నించీనా?”

“రెండేండ్లాయ.”

ఆ వార్త ఊళ్లోకి పోయింది. దానితో పాటు ఇంకో మాట కూడా పోయింది. మొగుడు ఊపిరాడక పడి ఉంటే గింజలు మాడతాయని చూసుకుంది అన్నారు. ఆ మాట ఆమె వెంట చాలా ఏళ్లు తిరిగింది. నేను ఒకసారి ధైర్యం చేసి అడిగితే ఆమె కోప్పడలేదు. “ఆయనకు ఊపిరి ఆడతాండె సార్. నేను సూసినా. ఇంతకంటే కష్టం శానాసార్లు వచ్చిండాది. గింజలు అర నిమిషం ఉంటే పోతాయి, ఆ వాయి పోతే రావుకు ఇచ్చిన మాట పోతాది,” అంది. ఆమె లెక్క తప్పని నేను అనలేను. ఒప్పని కూడా అనలేకపోయాను.

రెండు రోజుల తర్వాత నరహరిరావు ఆ వీధికి వచ్చాడు. అంతకు ముందు ఎన్నడూ రాలేదు. గుమ్మం బయట గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. ఖమర్‌బీ తలుపు వెనక నిలబడింది.

“పీర్ సాహెబ్ కూతురివి. నాకన్నా జెప్పకూడదా?”

“మా ఆయన జెప్పినాడనుకుంటి సామీ.”

అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. రావు వీధి అటూ ఇటూ చూశాడు.

“మా హోటల్‌కు వచ్చేవాళ్లు ఒక తరహా వాళ్లు గాదు. మగవాడు మా దొడ్లో వేపితే ఒక మాట. మీ ఇంట్లో, నీ చేత్తో అంటే... నలుగురు నాలుగు రకాలుగా అంటారు.”

“రెండేండ్లు తాగినారు గదా సామీ. ఎవురికన్నా ఏమన్నా అయిందా?”

రావు గొడుగు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని వెళ్లిపోయాడు. కమలాపురం నుంచి ఒక వేపేవాణ్ణి పిలిపించాడు. అతను పని తెలిసినవాడే గానీ కట్టెల పొయ్యి మీద, పీపాలో, అలవాటైన పద్ధతిలో వేపాడు. కాఫీలో పాత పొగ వాసన తిరిగొచ్చింది. మొదటి వారం ఎవరూ ఏమీ అనలేదు. రెండో వారం శేషారెడ్డి ఒక గుక్క తాగి గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

“సామీ, ఇదేం కాఫీ?”

హోటల్లో అప్పుడు ఇరవై మంది దాకా ఉన్నారు. నేనూ ఉన్నాను. రావు గల్లాపెట్టె దగ్గర నుంచి లేచి వచ్చాడు. ఎప్పుడూ నెమ్మదిగా మాట్లాడే మనిషి, ఆ రోజు గొంతు పెంచాడు.

“ఇన్నాళ్లూ మీరు మెచ్చుకున్న కాఫీ గింజలు వేపింది అబ్దుల్ సలాం పెండ్లాం ఖమర్‌బీ. వాళ్లింట్లో వేపింది. ఆమె మానినాక కాఫీ ఇట్లయింది. మల్ల ఆమెతోనే వేపించమంటారా? వొద్దనేవాళ్లు ఇప్పుడే జెప్పండి. తర్వాత వెనకాల అనుకోవద్దు.”

గోడవార బల్ల మీద రోజూ మూడుసార్లు వచ్చి కూర్చునే రిటైర్డ్ కోర్టు గుమాస్తా ఒకాయన గ్లాసు సగంలో వదిలి, కండువా సర్దుకుని లేచి వెళ్లిపోయాడు. ఆయన మళ్లీ ఆ హోటల్‌కు రాలేదు. శేషారెడ్డి ఆయన పోయిన వైపు చూసి, “నాకు కాఫీ గావాల సామీ. ఎవురు వేపితే నాకేంది?” అన్నాడు. కొందరు నవ్వారు. కొందరు తలలు వంచుకుని దోసె తిన్నారు. ఆ తర్వాత నెల రోజుల పాటు హోటల్ కొంచెం పలచగానే ఉండేది. నెల దాటాక మామూలైంది.

రావు రెండోసారి వచ్చినప్పుడు ఖమర్‌బీ రెండు సంగతులు అడిగింది. పచ్చి గింజలు ఎర్రగుంట్ల స్టేషన్‌లో దిగినప్పుడు తానే పోయి చూసి, పుచ్చులున్న బస్తా ఉంటే వెనక్కు పంపిస్తానంది. సలాంకు పొగ లేని పని ఏదైనా ఇవ్వాలంది. మొదటిదానికి రావు అప్పుడే ఒప్పుకున్నాడు. రెండోదానికి వారం తీసుకున్నాడు. సలాం మాట మార్చి శెట్టి దగ్గరికి పోయినవాడని మనసులో ఉంది. చివరికి లోపలున్న కాఫీ మరను తెచ్చి హోటల్ ముందు వసారాలో పెట్టించి, పొడి పట్టే పని సలాంకు ఇచ్చాడు. సలాం హోటల్ ముందు వాకిట్లోంచి రావడం అట్లా మొదలైంది.

ఇంట్లో మాత్రం అతను నెల రోజులు భార్యతో మాట్లాడలేదు. ఉప్పు కావాలంటే పక్కింటివాళ్లను అడిగేవాడు. ఆమె కూడా బతిమాలలేదు. గింజలు వేపింది, డబ్బా నింపి గుమ్మం దగ్గర పెట్టింది, ఉబ్బసానికి అల్లం కషాయం కాచి మంచం పక్కన పెట్టింది. అతను కషాయం తాగేవాడు. ఒకరోజు కషాయం గ్లాసు తిరిగిస్తూ, “నలుగుర్లో నా మర్యాద పాయ,” అన్నాడు.

“నేను పోవద్దని జెప్పినా,” అంది ఆమె.

“జెప్పినావు,” అన్నాడు సలాం. ఆ తర్వాత మామూలుగానే మాట్లాడుకున్నారు.

వసారాలో మర తిప్పుతూ కూర్చున్న మనిషిని కొత్తవాళ్లు పలకరించేవాళ్లు. ఒక ఆదివారం నేను అక్కడే నిలబడి ఉండగా, చెన్నూరు నుంచి వచ్చినవాడొకడు గింజ నోట్లో వేసుకుని నమిలి, “శానా బాగా వేపినావు,” అన్నాడు. సలాం పిడి తిప్పడం ఆపకుండా, “నేను గాదు. మా ఇంట్లో ఆమె,” అన్నాడు. ముఖంలో ప్రత్యేకంగా ఏమీ కనపడలేదు. చాలాసార్లు చెప్పి అలవాటైన మాటలా ఉంది.

1963లో మిద్దె సొంతదారు బట్టల అంగడి కోసం ఆ ఇంటిని ఖాళీ చేయించాడు. రావుకు అప్పటికి అరవై దాటాయి. ఇంకోచోట మొదలుపెట్టే ఓపిక లేదని జమ్మలమడుగుకు వెళ్లిపోయాడు. వెళ్లేముందు మరను ఖమర్‌బీ ఇంటికి పంపించాడు. ఆమె వీధి వైపు గదికి తలుపు పెట్టించి కాఫీపొడి అంగడి తెరిచింది. చికోరీ అడిగినవాళ్లకు వేరే పొట్లం కట్టి ఇచ్చేది, తన చేత్తో కలిపేది కాదు. కోర్టు గుమాస్తా ఇంటి నుంచి కోడలు వచ్చి పొడి తీసుకుపోయేదని సలాం నాతో చెప్పి నవ్వాడు. ఆయన తెలిసి తాగాడో తెలియక తాగాడో మాకు తెలియదు.

హోటళ్లవాళ్లు కూడా ఆమె దగ్గరే పొడి తీసుకోవడం మొదలుపెట్టారు. ప్రొద్దుటూరులో నాలుగు, జమ్మలమడుగులో రెండు, పులివెందులలో ఒకటి. మంగళవారం జమ్మలమడుగు బస్సు, శుక్రవారం పులివెందుల బస్సు ఎక్కి తనే డబ్బాలు దింపి వచ్చేది. పులివెందుల కండక్టరు ఆ డబ్బాలను బస్సు పైన వేయనిచ్చేవాడు కాదు, తన సీటు పక్కనే పెట్టుకునేవాడు. పొడి దింపిన ప్రతి హోటల్లో ఒక గ్లాసు కాఫీ అడిగి తాగేది. చాలా చోట్ల వంటింటి వాకిట్లో నిలబెట్టే ఇచ్చేవాళ్లు. ఆమె నిలబడే తాగి, తోచింది అక్కడే చెప్పేది. జమ్మలమడుగులో ఒక హోటలాయన ముఖం మీదే, “పాలు మూడుసార్లు కాచినావు. ఇంగ నా పొడి ఏం జేస్తాది?” అంది. అతను రెండు వారాలు పొడి తీసుకోలేదు. మూడో వారం తీసుకున్నాడు.

అట్లా తిరగడం వల్ల మూడు ఊళ్ల హోటళ్ల గురించి ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కొత్తగా బదిలీ మీద వచ్చిన ఓవర్సియర్ ఒకడు అంగట్లోకి వచ్చి మంచి కాఫీ యాడ దొరుకుతుందని అడిగితే, ఆమె పొట్లం కడుతూనే చెప్పింది.

“ప్రొద్దుటూర్లో అయితే పొద్దున పదింటి లోపల పత్తి మార్కెట్టు ముందర హోటల్లో తాగు. పది దాటితే ఆడ పాలలో నీళ్లు పోస్తారు. జమ్మలమడుగులో పెన్న వైపు పొయ్యే రోడ్డులో చిన్న హోటల్, బల్లలు బాగుండవు, కాఫీ బాగుంటాది. ఉగ్గాని గూడా ఆడనే తిను. పులివెందులలో దోసె తిను, కాఫీ ఇంటికొచ్చి తాగు.”

“పులివెందులలో మీ పొడే కదమ్మా?”

“పొడి నాదే. నీళ్లు నాయి గావు గదప్పా.”

అతను నవ్వి రెండు పొట్లాలు తీసుకుపోయాడు.

సలాం 1966 చలికాలంలో చనిపోయాడు. ఉబ్బసంతోనే. ఆఖరి రెండేళ్లు మర తిప్పలేకపోయాడు, అంగడి గుమ్మంలో కుర్చీ వేసుకుని వచ్చినవాళ్లతో మాట్లాడేవాడు. శేషారెడ్డి పులివెందుల నుంచి వచ్చి జనాజా వెంట నడిచాడు. ఖమర్‌బీ భర్త పోయినవాళ్లు పాటించే గడువు ప్రకారం నాలుగు నెలల పదిరోజులు ఇల్లు కదల్లేదు. ఆ రోజుల్లో హోటళ్లవాళ్లే వీధికి వచ్చి డబ్బాలు పట్టుకుపోయారు. వేపడం మాత్రం ఒక్కరోజు కూడా ఆపలేదని పక్కింటివాళ్లు చెప్పారు. దాన్ని కూడా కొందరు తప్పుపట్టారు.

గడువు తీరిన వారంలో ఆమె కరెంటు మర కొంది. నెల తిరగకముందే అమ్మేసింది. పొడి వేడెక్కి వాసన పోతోందని చెప్పింది. నేను బదిలీ అయి ఆ ఊరు విడిచేనాటికి పాత మరే తిప్పుతోంది. నేను బయల్దేరిన శుక్రవారం బస్సు కోసం నిలబడి ఉంటే, ఆమె రెండు డబ్బాలు పట్టుకుని పులివెందుల బస్సు ఎక్కి, కిటికీ పక్కన కూర్చుంది.

“యాడికి సార్, సామాన్లతో?” అని అడిగింది.

చెప్పాను. ఆ ఊళ్లో ఎవరి పొడి వాడతారని అడిగింది. నాకు తెలియదన్నాను. పోయినాక జాబు రాయమంది. చదువు రాని మనిషికి జాబు ఎట్లా అని నేను ఆలోచించేలోపు బస్సు కదిలింది.